వుడ్ స్టవ్ మండుతోంది గానీ ఇల్లు వెచ్చబడట్లేదు: ఎక్కడ మొదలుపెట్టాలి

మీరు చెప్పినదాన్ని కుదిస్తే ఇదీ సంగతి. న్యూ హాంప్‌షైర్‌లో 1,800 చదరపు అడుగుల ఇల్లు. ఇంటితో పాటు వచ్చిన స్టీల్ వుడ్ స్టవ్, లోపల 2 ఘనపుటడుగుల చోటు, కేటలిస్ట్ (పొగను తక్కువ వేడికే మండించే ముక్క) లేని రకం. ఇటుక చిమ్నీలో 6 అంగుళాల స్టీల్ లైనర్, అంటే లోపలికి దించిన గొట్టం. రెండు చలికాలాలు హాలు 74 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉండేది, ఈసారి 64 దాటట్లేదు. కట్టెలేమో ముందుకంటే ఎక్కువ ఖర్చవుతున్నాయి, తెల్లారేసరికి అద్దం నల్లబడుతోంది. ఎండాకాలంలో వంటింట్లో పెద్ద హుడ్ (పొగను బయటికి లాగే ఫ్యాన్) పెట్టించారు, ఆగస్టులో ‘సీజన్డ్’, అంటే ఎండబెట్టినవి, అని చెప్పిన ఓక్ కట్టెలు కొన్నారు, సెప్టెంబర్‌లో చిమ్నీ ఊడ్పించారు. స్టవ్ ముసలిదైపోయిందా, కొత్తది కొనాలా అన్నది ప్రశ్న.

కొనకండి, ఇప్పుడప్పుడే అసలు వద్దు. స్టవ్ అంటే ఇనప పెట్టె, లోపల ఇటుకలు, ఒక తలుపు. అందులో అరిగిపోయేవి తలుపు చుట్టూ ఉండే గాస్కెట్ తాడు, లోపల పైన ఉండే అడ్డపలకలు, ఎప్పుడైనా ఒకటి రెండు ఇటుకలు, అంతే. పెట్టెకు పగుళ్లు, వంకర్లు లేకపోతే అది ఇరవై ఏళ్లయినా మొదటి రోజు ఇచ్చినంత వేడే ఇస్తుంది. మారింది స్టవ్ కాదు, దాని చుట్టూ ఉన్నవి. హుడ్, ఓక్, ఊడ్పు అని మూడు మార్పులు మీరే రాశారు. ఆ మూడింటినీ అనుమానించాల్సిందే. మూడూ కలిసి చేసిన పని అయినా ఆశ్చర్యం లేదు.

వెతికే ముందు ఒకటి తేల్చుకోవాలి. ‘వేడి రావట్లేదు’ అనే ఒక్క మాట వెనక రెండు వేర్వేరు జబ్బులుంటాయి. ఒకటి, మంటే సరిగ్గా అంటుకోకపోవడం: నీరసంగా, ముదురు నారింజ రంగులో కొట్టుకులాడుతుంది, అద్దం నల్లబడుతుంది, చిమ్నీ నుంచి అరగంట తర్వాత కూడా పొగ కనబడుతుంది, బూడిదలో నల్లటి బొగ్గులు మిగిలిపోతాయి. రెండోది, మంట భేషుగ్గా మండి ఆ వేడంతా చిమ్నీలో పడి పోవడం: అద్దం శుభ్రంగానే ఉంటుంది, మంట హోరుమంటుంది, కట్టె గంటన్నరకే అయిపోతుంది, పొగగొట్టం కాలిపోతుంటుంది, గది మాత్రం చల్లగా ఉంటుంది. మొదటిదానికి మందు గాలి, ఎండు కట్టె. రెండోదానికి మందు గాలిని బిగించడం. ఒకదాని మందు రెండోదానికి వేస్తే జబ్బు ముదురుతుంది. చాలామంది ఇక్కడే తప్పు చేస్తారు. చలేస్తోందని గాలి లివర్ పూర్తిగా తెరిచిపెట్టి, ఇంకా చలేస్తోందని ఇంకో మొద్దు వేస్తారు.

మీ అద్దం నల్లబడుతోంది కాబట్టి మొదటి జబ్బు ఉన్నట్టే. కట్టెలు ఎక్కువ ఖర్చవుతున్నాయంటే రెండోది కూడా కొంత కలిసి ఉండొచ్చు. పచ్చి కట్టె ఉన్న ఇళ్లలో ఇది మామూలే. మంట నిలబడట్లేదని గాలి తెరిచి ఉంచుతారు, ఆ గాలి ఉన్న కాస్త వేడినీ పైకి ఊడ్చుకుపోతుంది.

కంటితో చూసి తేల్చుకోవడం కంటే రెండు అయస్కాంత థర్మామీటర్లు కొనడం మేలు. ఒకటి స్టవ్ పైభాగం మీద, ఒకటి స్టవ్ నుంచి 18 అంగుళాల ఎత్తున పొగగొట్టం మీద అంటించండి. ఒంటిపొర గొట్టం అయితేనే ఇది పనికొస్తుంది. రెండు పొరల గొట్టానికి బయట అంటిస్తే అంకె అబద్ధం చెబుతుంది, దానికి లోపలికి దిగే ప్రోబ్ రకం కావాలి. ఆరోగ్యంగా ఉన్న స్టవ్‌లో నిండుగా వేసిన కట్టెలు బాగా అంటుకుని గాలి తగ్గించాక, పైభాగం 500 నుంచి 650 డిగ్రీలు (ఇక్కడి డిగ్రీలన్నీ ఫారెన్‌హీటే), ఒంటిపొర గొట్టం ఉపరితలం 250 నుంచి 450 మధ్య ఉండాలి. పైభాగం 350 దాటకపోతే మొదటి జబ్బు. గొట్టం స్టవ్ పైభాగాన్ని మించి పరుగెడుతుంటే రెండోది.

ఏ పరీక్షకైనా ముందు కార్బన్ మోనాక్సైడ్ (వాసన లేని విషవాయువు) అలారం పనిచేస్తోందో లేదో నొక్కి చూడండి. దాని బ్యాటరీ అయిపోయి ఉంటే ఆ రాత్రికి స్టవ్ రాజేయకండి.

ఇక ఓక్ సంగతి. నా పందెం దీని మీదే.

ఓక్ కట్టె చీల్చి, నేలకు తగలకుండా పేర్చి, గాలి ఆడేలా పెడితే ఎండడానికి రెండేళ్లు పడుతుంది. యాష్, బర్చ్, మేపుల్ అయితే ఏడాదికి దారికొస్తాయి. ‘సీజన్డ్’ అన్న మాటకు అమ్మేవాళ్ల దగ్గర ఉన్న అర్థం వేరు: చెట్టు పడగొట్టి ఏడాదైందంటారు, చీల్చింది మాత్రం పోయిన నెలలో. చీల్చని దుంగ బెరడు లోపల నీళ్లు దాచుకుని కూర్చుంటుంది. ఓక్ అయితే మరీ మొండిది.

తేమ మీటర్ లేకపోతే కొనండి, రెండు ముళ్లున్న చవక రకం చాలు. కానీ కొలిచే పద్ధతి తప్పితే అది కూడా అబద్ధమే చెబుతుంది. బయట గడ్డకట్టి ఉన్న కట్టెను కొలిస్తే అంకె తక్కువ చూపిస్తుంది. అందుకే నాలుగైదు కట్టెలు ఒక రోజంతా ఇంట్లో ఉంచి, తర్వాత మళ్లీ మధ్యకు చీల్చి, అప్పుడే బయటపడ్డ లోపలి ముఖం మీద, నార వెంబడి ముళ్లు గట్టిగా గుచ్చండి. కట్టె చివర కొలిస్తే ఎండిపోయినట్టే కనబడుతుంది, ఆ అంకెకు విలువ లేదు. 20 శాతం లోపు ఉంటే మంచిది. 25 వస్తే స్టవ్ గునుస్తుంది. 30 దాటితే, ఈ మీటర్లు ఆ పైన కచ్చితంగా చెప్పలేవు గానీ, అది ఈ సంవత్సరపు కట్టె కాదని అర్థం.

మీటర్ వచ్చేలోపు చెవులున్నాయి. రెండు కట్టెలు ఒకదానికొకటి కొడితే ఎండువి ఖంగుమంటాయి, పచ్చివి దబ్బుమంటాయి. మంటలో వేశాక చివర్ల నుంచి సుయ్‌మంటూ నురగ కారితే ఇక మీటర్ అక్కర్లేదు.

నీళ్లు ఆవిరవడానికే వేడంతా పోతుందని చాలామంది అనుకుంటారు. లెక్క వేస్తే అది నిజం కాదని తెలుస్తుంది. మీటర్ మీద 35 చూపించే కట్టె 30 పౌండ్లు వేశారనుకోండి. అందులో నీళ్లు సుమారు 8 పౌండ్లు. వాటిని ఆవిరి చేయడానికి దాదాపు 9,000 బీటీయూలు (వేడిని కొలిచే ప్రమాణం) కావాలి. మిగిలిన 22 పౌండ్ల కట్టెలో ఉన్నది సుమారు 1,90,000. అంటే నీళ్లు నేరుగా తినేది 5 శాతం. అసలు నష్టం వేరే చోట ఉంది. కట్టెలోని వేడిలో సగానికి పైగా దాని నుంచి వచ్చే పొగలో, అంటే మండే వాయువుల్లో ఉంటుంది. మీ రకం స్టవ్‌లో ఆ వాయువులు అంటుకోవాలంటే స్టవ్ లోపల పైన గాలి వదిలే రంధ్రాల గొట్టాల దగ్గర దాదాపు 1,100 డిగ్రీలు ఉండాలి. నీటి ఆవిరి ఆ చోటును అంతవరకూ వేడెక్కనివ్వదు. దాంతో పొగ మండకుండానే చిమ్నీలోకి పోతుంది, అక్కడ చల్లబడి క్రియోసోట్‌గా, తారులాంటి జిడ్డుగా గోడకు పడుతుంది. అంటే కట్టెకు డబ్బు పెట్టి అందులో చాలా భాగాన్ని పొగగా వదిలేసి, కొంత చిమ్నీకి పూస్తున్నారన్నమాట. ఆ పూతే రేపు చిమ్నీలో అంటుకునేది.

దీన్ని ఒక్క సాయంత్రంలో తేల్చే పరీక్ష ఉంది. హార్డ్‌వేర్ దుకాణంలో రంపపుపొట్టును అచ్చుగుద్దిన కట్టె ఇటుకలు దొరుకుతాయి. మైనం కలిపినవి కాదు, వట్టి పొట్టువి తీసుకోండి. వాటిలో తేమ 10 శాతం లోపే. మామూలుగా వేసే కట్టెల బరువులో సగం ఇటుకలతోనే ఒక పూట మండించండి. దగ్గరదగ్గరగా బిగించి పేర్చండి, స్టవ్ నింపేయకండి, ఇవి ఒక్కసారిగా చెలరేగుతాయి. స్టవ్ పైభాగం హాయిగా 550కి వెళ్లి, అద్దం తేటపడి, గది వెచ్చబడితే స్టవ్‌కూ చిమ్నీకీ పెద్ద జబ్బేమీ లేనట్టే, దోషి ఓక్. ఇటుకలతో కూడా నీరసంగానే ఉంటే కింద చెప్పేవి చూడాలి.

సెప్టెంబర్‌లో ఊడ్పించారు కాబట్టి చిమ్నీ శుభ్రంగా ఉందనుకోవద్దు. పచ్చి కట్టెతో ఆరు వారాల్లో పైన టోపీకి ఉండే జాలీ మూసుకుపోవచ్చు. చిమ్నీలో అన్నిటికంటే చల్లటి చోటు అదే, అందుకే జిడ్డు మొదట అక్కడే పేరుకుంటుంది. మంచు లేని రోజున, నేల మీద నుంచే బైనాక్యులర్‌తో చూడండి. జాలీ కన్నాల్లోంచి ఆకాశం కనబడాలి. నల్లటి మూతలా కనబడితే సమస్య దొరికినట్టే. మంచు పట్టిన కప్పు మాత్రం ఎక్కకండి, దానికి మనిషిని పిలవండి. గోడలకు పట్టిన మసి 1/8 అంగుళం మందం దాటితే ఊడ్చే సమయం వచ్చినట్టు. అర అంగుళం పట్టిందంటే 6 అంగుళాల గొట్టం 5 అంగుళాలైనట్టు, దారి వైశాల్యంలో 30 శాతం పోయినట్టు. నల్లగా అద్దంలా మెరిసే పూత కనబడితే అది బ్రష్‌కు ఊడదు. దాన్ని తీయించేదాకా స్టవ్ వాడకూడదు.

లైనర్ అడుగున టీ ఆకారపు ముక్క ఉంటుంది, దాని కింద మూత. ఊడ్చేవాళ్లు ఆ మూత తీసి మసి దులిపి మళ్లీ పెడతారు. అది వదులుగా ఉన్నా, ఊడిపడినా చిమ్నీ స్టవ్‌లోంచి లాగాల్సిన గాలిని అక్కడి నుంచి లాగేస్తుంది. చల్లటి గాలి కలిసి లాగుడు చచ్చిపోతుంది. శుభ్రపరిచే తలుపు తెరిచి, చెయ్యి పెట్టి మూత కదులుతోందేమో చూడడం రెండు నిమిషాల పని.

ఊడ్పు దగ్గర ఎవరూ చూడని చోటు ఇంకొకటుంది: స్టవ్ లోపలి పైకప్పు. మీ రకంలో పైన అడ్డంగా రంధ్రాలున్న గొట్టాలు మూడు నాలుగు, వాటి మీద వర్మిక్యులైట్ లేదా సిరామిక్ ఫైబర్ పలకలు రెండు, కొన్నిటిలో ఆ పలకల మీద తెల్లటి దుప్పటిలాంటి ఉన్ని ఉంటాయి. ఈ పలకలనే బాఫెల్ అంటారు. దీని పని పొగను నేరుగా చిమ్నీలోకి పోనివ్వకుండా ముందుకు తిప్పి, అద్దం పక్క నుంచి పైకి పంపడం. ఆ తిరుగుడులోనే పొగ మండుతుంది, వేడి గదిలోకి వస్తుంది. చిమ్నీ ఊడ్చేటప్పుడు పలకలను పక్కకు జరుపుతారు లేదా తీసేస్తారు. తిరిగి పెట్టడంలో మూడు తప్పులు జరుగుతాయి. పలక వెనక గోడకు ఆనకుండా అర అంగుళం ముందుకు ఉండిపోతే, వెనక సందులోంచి వేడి నేరుగా పోతుంది, ముందు దారి ఇరుకై తలుపు తీయగానే పొగ ముఖాన కొడుతుంది. రెండు పలకలు మధ్యలో కలవకపోతే ఆ చీలికలోంచి మంటే పైకి పోతుంది. ఉన్ని దుప్పటి నలిగి చిమ్నీ నోటి దగ్గర ముద్దగా చేరితే దారే మూసుకుపోతుంది. ఇవేవీ కాకపోతే, పలకలు తీయకుండానే పైనుంచి బ్రష్ వేసిన సందర్భం ఉంటుంది. రాలిన మసి అంతా పలకల మీద కుప్పగా కూర్చుని ఉంటుంది.

స్టవ్ పూర్తిగా చల్లారాక ముక్కుకు మాస్క్, చేతికి గ్లవ్స్ వేసుకుని, టార్చ్‌తో తల లోపలికి పెట్టి చూడండి. పలకలు వెనక గోడకు, రెండు పక్కలకు ఆని ఉండాలి, మధ్యలో రెండు పలకలు కలిసే చోట సందు ఉండకూడదు. ఫోన్ కెమెరాను పైకి పెట్టి పలకల మీద ఏముందో ఫోటో తీయండి. మసి ఉంటే పలకలు దించి తుడవండి. జాగ్రత్త, ఇవి బిస్కెట్‌లా విరుగుతాయి. ఫైబర్ దుప్పటి పొడి పీల్చకూడదు, నీళ్లు చిలకరించి ముట్టుకోండి. పలక విరిగినా, మధ్యలో కుంగినా అదే మోడల్‌ది తెప్పించండి. వేరే మందంది పెడితే గాలి దారి కొలత మారిపోతుంది. గొట్టాలు కూడా తీయాల్సి వస్తే ఏది ముందుది, ఏది వెనకది అని సుద్దతో గుర్తు పెట్టుకోండి. వాటి రంధ్రాల సైజు అన్నిటికీ ఒకటే కాకపోవచ్చు. పక్క ఇటుకల్లో సన్నటి బీట ఉంటే పర్వాలేదు. ముక్కలై ఊడిపోతుంటే మాత్రమే మార్చాలి.

ఇక హుడ్. వేపుళ్ల ఘాటు, తాలింపు పొగ ఇల్లంతా పట్టకుండా మనవాళ్లు పెద్ద హుడ్ పెట్టించుకోవడం సహజమే. కానీ నిమిషానికి 900 ఘనపుటడుగులు లాగే హుడ్ 1,800 చదరపు అడుగుల ఇంట్లో, 8 అడుగుల ఎత్తు లెక్కన, పదహారు నిమిషాల్లో ఇంటి గాలి మొత్తాన్ని బయటికి తోసేస్తుంది. ఆ మేరకు గాలి ఎక్కడి నుంచో లోపలికి రావాలి. కిటికీలు బిగుతుగా ఉన్న ఇంట్లో దానికి దొరికే పెద్ద కన్నం మీ చిమ్నీయే. చిమ్నీ లాగే బలం ఏపాటిదంటే, 0.05 అంగుళం ఎత్తు నీళ్లు కలిగించేంత ఒత్తిడి, అంటే 12 పాస్కల్స్. హుడ్ ముందు అది నిలబడదు. నిమిషానికి 400 ఘనపుటడుగులు దాటిన హుడ్‌కు బయటి గాలి లోపలికి వచ్చే దారి కూడా పెట్టాలని అమెరికా గృహనిర్మాణ కోడ్ అందుకే అంటుంది. మీ హుడ్‌తో పాటు అలాంటిది పెట్టారో లేదో చూడండి. బట్టలారబెట్టే డ్రయ్యర్, స్నానాల గది ఫ్యాన్లు కూడా ఇదే పని చిన్న స్థాయిలో చేస్తాయి.

పరీక్ష తేలిక. మంట నీరసంగా ఉన్నప్పుడు స్టవ్‌కు దగ్గర్లోని కిటికీ ఒక అంగుళం తెరవండి. రెండు నిమిషాల్లో మంట లేచిందంటే ఇంటికే ఊపిరాడట్లేదు. ఇంకో పరీక్షకు దేవుడి గది నుంచి అగరుబత్తి తెచ్చుకోండి. స్టవ్ మండుతుండగా, హుడ్ ఆపి ఒకసారి, పెట్టి ఒకసారి, గాలి లోపలికి పోయే రంధ్రం దగ్గర పట్టుకోండి. హుడ్ ఆపినప్పుడు పొగ గబుక్కున లోపలికి పోయి, పెట్టాక అటూ ఇటూ ఊగిసలాడితే విషయం తేలిపోయింది. అన్నిటికంటే ప్రమాదం మంట తగ్గి నిప్పులు మాత్రమే మిగిలినప్పుడు. అప్పుడు చిమ్నీ లాగుడు బలహీనం, కార్బన్ మోనాక్సైడ్ మాత్రం ఎక్కువ. రాత్రి వంట చేస్తూ హుడ్ పూర్తి వేగంలో పెడితే అది ఇంట్లోకి వెనక్కి వస్తుంది, దానికి వాసన ఉండదు. హుడ్ తక్కువ వేగంలో, వంటింటి కిటికీ కొద్దిగా తెరిచి వాడండి. అసలు పరిష్కారం బయటి గాలి దారి పెట్టించడమే. స్టవ్‌కే బయటి గాలి గొట్టం ఇప్పటికే ఉంటే గోడ అవతల దాని జాలీ చూడండి, ఆకులు, ఎలుక గూళ్లు అక్కడ మామూలే.

అదే అగరుబత్తిని తలుపు చుట్టూ, అద్దం అంచుల చుట్టూ నెమ్మదిగా తిప్పండి. పొగ ఎక్కడ లోపలికి వంగుతుందో అక్కడ కారుతోంది. చల్లారిన స్టవ్‌కు డాలర్ నోటు పరీక్ష: నోటు సగం లోపల, సగం బయట ఉండేలా తలుపు మూసి లాగండి. గట్టిగా పట్టుకుంటే సరే, జారొచ్చేస్తే గాస్కెట్ చదునైపోయింది. ప్రతి పక్కా రెండు చోట్ల, గొళ్లెం పక్కన, కీలు పక్కన విడివిడిగా చూడండి. గొళ్లెం పక్కన మాత్రమే వదులైతే ముందు గొళ్లేన్ని సర్దండి. చాలా స్టవ్‌లలో ఒక నట్టు తిప్పితేనో, ఒక వాషర్ తీస్తేనో బిగుస్తుంది, తాడు మార్చక్కర్లేదు.

మార్చాల్సి వస్తే మాన్యువల్‌లో ఉన్న మందమే కొనండి. దళసరి తాడు పెడితే ఇంకా బిగుస్తుందనుకుంటారు, తలుపు మూసుకోక అద్దం పగులుతుంది. తలుపు ఊడదీసి బల్ల మీద బోర్లా పెట్టండి. పాత తాడు లాగేసి, గాడిలోని పాత జిగురును ఇనుము కనబడేదాకా వైర్ బ్రష్‌తో గీకండి. ఇది చేయకపోతే కొత్తది నెలకే ఊడుతుంది. (1980లకు ముందు నాటి స్టవ్‌లలో తాడు ఆస్బెస్టాస్ అయి ఉండొచ్చు, పొడిగా గీకొద్దు.) గాడిలో వేడికి తట్టుకునే గాస్కెట్ జిగురు సన్నటి ధారగా వేసి, తాడును సాగదీయకుండా వదులుగా పరుచుకుంటూ నొక్కండి. సాగదీస్తే సన్నబడి మళ్లీ సందు వస్తుంది. చివర్లు కోసేముందు అక్కడ టేప్ చుట్టి మధ్యకు కోస్తే పీచు విడిపోదు. రెండు చివర్లు కలిసే చోటు కీలు పక్కన ఉండేలా చూడండి, గొళ్లెం పక్కన వద్దు. తలుపుకూ స్టవ్‌కూ మధ్య మైనపు కాగితం పెట్టి మూసి, ఒక రోజు వదిలేసి, మొదటిసారి చిన్న మంటే పెట్టండి.

కేటలిస్ట్ ఉన్న స్టవ్‌ల వాళ్లు కూడా ఇది చదువుతారు కాబట్టి రెండు మాటలు. అందులో తేనెపట్టులాంటి కన్నాల ముక్క పొగను 500 డిగ్రీల దగ్గరే మండిస్తుంది. ఆ వేడిని చేరేలోపే బైపాస్ (పొగను ఆ ముక్క గుండా కాకుండా నేరుగా చిమ్నీలోకి పంపే దారి) మూసేస్తే ఆ ముక్క బూడిదతో, జిడ్డుతో మూసుకుపోతుంది. పని చేస్తోందా లేదా అన్నది అది ఎర్రబడటం బట్టి కాదు, బైపాస్ మూశాక దాని థర్మామీటర్ పైకి ఎక్కడం, చిమ్నీ పొగ మాయమవడం బట్టి తేల్చాలి. బూడిద పడితే మెత్తటి బ్రష్‌తో దులపండి, గీకొద్దు. రంగు వేసిన చెక్క, మెరిసే కాగితం కాలిస్తే పైపూత పాడై ముక్కే మార్చాల్సి వస్తుంది.

వాడకం గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే మనకు పొయ్యి అంటే కట్టె ఎగదోయడమే. మంట తగ్గితే ఇంకొంచెం ముందుకు తోస్తాం, అరగంటకో కట్టె వేస్తాం. వంట పొయ్యికి అదే సరైనది, దీనికి కాదు. తలుపు తెరిచిన ప్రతిసారీ లోపలి వేడి పడిపోతుంది, ఒంటరి మొద్దు తన వేడితో తాను నిలవదు. నిప్పులు మిగిలాక వాటిని ముందుకు లాగి, వెనక నుంచి నాలుగైదు కట్టెలు ఒకేసారి పేర్చి, గాలి పూర్తిగా తెరవండి. కట్టెలన్నీ అంటుకుని గొట్టం ఉపరితలం 300 దాటాక గాలిని నాలుగో వంతు తగ్గించండి. ఐదు పది నిమిషాలు ఆగి ఇంకో వంతు. ఇలా తగ్గిస్తున్నప్పుడు కట్టెల దగ్గర మంట నెమ్మదించి, పైన గొట్టాల రంధ్రాల నుంచి గ్యాస్ బర్నర్‌లా మంటలు రావాలి. స్టవ్ బాగా పనిచేస్తోందనడానికి అదే గుర్తు. గాలి తగ్గించగానే ఆ మంటలు ఆరిపోతే, కట్టె పచ్చిదైనా కావాలి, మీరు తొందరపడైనా ఉండాలి. తెల్లారేదాకా కాలాలని రాత్రి గాలి మొత్తం మూసేసి పడుకోవడం అద్దానికీ చిమ్నీకీ చేటు. మీ పొద్దున నలుపులో దీని వాటా కూడా ఉండొచ్చు.

బూడిద ఒక అంగుళం ఉంచి మిగతాది తీయండి. నాలుగు అంగుళాలు పేరుకుంటే ఆ మేర కట్టెకు చోటు పోయినట్టే. తీసిన బూడిద మూత ఉన్న ఇనప బకెట్‌లో, చెక్క డెక్ మీద కాకుండా నేల మీద పెట్టండి. అందులో నిప్పు రోజుల తరబడి బతుకుతుంది. స్టవ్‌కు ఫ్యాన్ ఉంటే దాని రెక్కలకు పట్టిన దుమ్ము తుడవండి. వేడి పక్క గదులకు పోవడానికి స్టవ్ గదిలోంచి బయటికి ఫ్యాన్ పెట్టడం కంటే, చల్లటి గదిలో నేల మీద చిన్న ఫ్యాన్ పెట్టి స్టవ్ వైపు ఊదించండి. చల్లగాలి బరువు కాబట్టి కింద నుంచి తేలిగ్గా కదులుతుంది, దాని బదులు వేడిగాలి పైనుంచి వెళ్తుంది.

అన్నీ సరి చేశాక కూడా ఎంత ఆశించొచ్చు అంటే, 2 ఘనపుటడుగుల స్టవ్‌లో ఒక విడతకు పట్టేది ఎంత కుక్కినా 40 పౌండ్ల లోపు. ఎండు కట్టె పౌండుకు ఇంట్లోకి వచ్చేది సుమారు 5,000 బీటీయూలు. 40 పౌండ్లు 8 గంటలు కాలితే గంటకు 25,000. బయట సున్నా డిగ్రీల ఫారెన్‌హీట్ ఉన్న రాత్రి 1,800 చదరపు అడుగుల పాత ఇల్లు అంతకంటే ఎక్కువే పోగొట్టుకోవచ్చు. అలాంటి రాత్రులు ఇంటి హీటర్ కూడా తిరగాలి, అది స్టవ్ తప్పు కాదు.

మీ దగ్గర మిగిలిన ఓక్‌ను పారేయక్కర్లేదు. ఈ చలికాలానికి కావాల్సినంత తీసి మూడు అంగుళాల మందానికి మళ్లీ చీల్చి, ఇంట్లో స్టవ్‌కు 36 అంగుళాల దూరంలో గాలి ఆడేలా పేర్చండి. పది పదిహేను రోజుల్లో తేమ కొంత దిగుతుంది. అప్పుడు ఒక వంతు ఓక్‌కు ఒక వంతు పొట్టు ఇటుకలు గానీ, మీటర్ మీద 20 లోపు చూపించిన యాష్ గానీ కలిపి వేయండి. చచ్చి నిలబడ్డ యాష్ చెట్టు ఎండిందేనని అమ్ముతారు, దాన్ని కూడా చీల్చి కొలిచాకే కొనండి. ఇలా కలిపి కాల్చినన్నాళ్లూ జనవరి మధ్యలో చిమ్నీని ఇంకోసారి చూపించాలి. మిగతా ఓక్‌ను చెక్క పలకల మీద ఒకే వరుసగా, ఎండా గాలీ తగిలే చోట పేర్చి, పైన మాత్రమే రేకు కప్పండి, పక్కలు మూయొద్దు. వరుస చివర కట్టె మీద చీల్చిన నెల సుద్దతో రాసి పెట్టండి. దాన్ని వచ్చేది కాక ఆ పై చలికాలానికి ముట్టుకోండి.